చెదరు అవధానము, చేరువలోని ఆసరా

సైనిక్‌పురి, వాయుపురి, ఏ.ఎస్. రావు నగర్, నాచారం, ఉప్పల్: హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న ఈ పేటలలో ఏ బడి ముందు సాయంకాలము కొంతసేపు నిలిచినను, పిల్లలకొఱకు వేచియున్న తల్లుల మాటలలో ఒక ఫిర్యాదు తఱచుగా వినవచ్చును: "తెలివి లేక కాదక్కా, వాడికి కుదురే లేదు." అక్కడ మొదలైన మాట, పొద్దున కొన్న పెన్సిలును సాయంత్రమునకు పోగొట్టుకొని వచ్చుటను, డైరీలో టీచరు ఎఱ్ఱసిరాతో వ్రాసి పంపిన వాక్యమును, లెక్కనంతయు సరిగా చేసి చివరి వరుసలో 67ను 76గా దింపుటను దాటి, "మా అత్తమ్మేమో నా గారాబమే అంటది" అను చోటికి వచ్చి ఆగిపోవును.

కుదురు లేని పిల్లలందఱికిని వైద్యము కావలెననుట సరికాదు. చాంచల్యము బాల్యమునకు సహజము. అయితే ఆ చాంచల్యము వయస్సునకు ఏమాత్రమును తగని స్థాయిలో ఉండి, ఆరు నెలలకు మించి సాగి, ఇంటిలోను బడిలోను రెండుచోట్లను కనిపించి, 12 ఏండ్ల లోపుననే మొదలై, చదువునకును స్నేహములకును అడ్డుపడుచున్నప్పుడు వైద్యులు దానిని ఏడీహెచ్‌డీ (ధ్యానలోప అతిచాంచల్య స్థితి) అని నిర్ణయింతురు. ప్రపంచ దేశములలో జరిగిన పరిశీలనలను కలిపి చూచినచో, బడియీడు పిల్లలలో నూటికి సుమారు అయిదుగురిలో ఇది కానవచ్చుచున్నది. అనగా 40 మంది కూర్చున్న తరగతిగదిలో ఇద్దఱు ఉందురని లెక్క. వారిలో ఒకడు బల్లలెక్కి దూకువాడు కావచ్చును. రెండవది కిటికీ వైపు చూచుచు కూర్చుండు ఆడపిల్ల కావచ్చును. ఆమె ఎవరినీ విసిగింపదు గనుక ఆమెను గూర్చి ఎవరును ఫిర్యాదు చేయరు; "పరధ్యానం ఎక్కువ" అను ఒక్కమాటతో పదియేండ్లు గడచిపోవును.

ఈ స్థితిలో మనస్సు ఎట్లు నడచునో చెప్పుటకు మన అవధాన సభకంటె మంచి సాదృశ్యము నాకు తోచుట లేదు. అష్టావధానములో నిషిద్ధాక్షరి ఇచ్చు పృచ్ఛకుడొకడు, సమస్య ఇచ్చువాడొకడు, దత్తపది ఇచ్చువాడొకడు. వీరందఱి నడుమ అవధాని దృష్టిని చెదరగొట్టుటయే పనిగా పెట్టుకొన్న అప్రస్తుత ప్రసంగి యొకడు. అవధాని అతనికి నవ్వుచు బదులు చెప్పి, విడిచిన పద్యపాదమును విడిచిన చోటనే అందుకొనును. కడపట అన్నిటిని ధారణనుండి ఒప్పగించును. ఏడీహెచ్‌డీ ఉన్న బాలుని లోపల అప్రస్తుత ప్రసంగి ఒక్కడు కాడు. వీధిలో పోవు ఆటో, చొక్కా కాలరు ఒరపు, నిన్నటి ఆటలో పడిన సిక్సరు, పక్కవాని కొత్త రబ్బరు, అందఱును ఆ పీఠమునకే పోటీపడుదురు. వారికి బదులు చెప్పి తిరిగి వచ్చునప్పటికి విడిచిన పాదమెక్కడనో జ్ఞాపకముండదు. వానికి ధ్యానము లేదనుట పొరపాటు. మూడు గంటలు కదలక వీడియో గేము ఆడగలవానికి ధ్యానము లేదని ఎట్లనగలము? ఉన్న ధ్యానమును తాను కోరిన పనివైపు, కోరినంతసేపు నిలుపుకొను పాలనాశక్తియే కొఱవడినది. మఱియొక సంగతిని గూడ గమనింపవలెను: ఎంతటి అవధానియు సభ లేక అవధానము చేయడు. ఎవరి వంతు ఎప్పుడో చెప్పుచు, ఆవృత్తులను గుర్తుచేయుచు, సభను నడుపు సంచాలకుడు ఒకడు ప్రక్కన ఉండును. లోపలి పాలన బలహీనమైన చోట వెలుపలినుండి అట్టి సంచాలకత్వము అందవలెనను ఒక్క మాటయే ఈ వ్యాసములో నేను చెప్పదలచినది.

ఆ బలహీనతకు శరీరములో ఆధారము కలదు. నొసటి వెనుక నుండు ముందరి మస్తిష్క భాగము మన ఉద్దేశములను పట్టియుంచును. డోపమీను, నారడ్రినలీను అను రసాయనములు అక్కడి నాడీకణములనడుమ సంకేతములను చేరవేయును. 2007లో ఫిలిప్ షా మొదలైన అమెరికా పరిశోధకులు వందలకొలది పిల్లల మెదళ్లను స్కానుచేసి, మస్తిష్కపు పైపొర మందము పరాకాష్ఠకు చేరు వయస్సును లెక్కగట్టిరి. సామాన్య పిల్లలలో ఆ మధ్యస్థ వయస్సు 7.5 ఏండ్లు కాగా, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో 10.5 ఏండ్లని తేలినది. ఆలస్యము అన్నిటికంటె హెచ్చుగా కనిపించినది ముందరి భాగములలోనే. ఎదుగుదల క్రమము అదియే, నడక మాత్రము మందము. ఈ ఒక్క ఫలితమును ఇంటిలో ఉపయోగపెట్టుకొన్నను ఎంతో మేలు: పదియేండ్లవానిని స్వీయపాలన విషయమున ఏడేండ్లవానిగా ఎంచి, ఏడేండ్లవానికి చేయునంత సాయము సిగ్గుపెట్టక చేయవచ్చును. దూరపు ఫలము వీరిని కదలింపలేకపోవుట గూడ ఈ డోపమీను వ్యవస్థకు సంబంధించినదే. "మార్చిలో పరీక్షలున్నయ్ రా" అను హెచ్చరిక ఆగస్టులో వానికి చెవిని పడదు. ఈ పుట ముగింపగనే పది నిమిషములు క్రిందికి పోయి ఆడుకొనవచ్చునన్న మాట వెంటనే పనిచేయును.

ఇంత తెలిసిన కాలములో గూడ నింద తల్లిమీదనే పడుట నాకు మిక్కిలి బాధాకరముగా నున్నది. అలెగ్జాండర్ క్రైటన్ అను స్కాట్లండు వైద్యుడు 1798లోనే ధ్యానము నిలువని స్థితిని వర్ణించెను. 1902లో జార్జ్ స్టిల్ లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో ఉపన్యసించుచు ఇట్టి పిల్లలను గూర్చి చెప్పినప్పుడు, నైతిక నిగ్రహమునందలి లోపమని దానికి పేరుపెట్టెను. పెంపకము సరిగా నున్న ఇండ్లలో గూడ ఇది కలదని ఆయన గుర్తించినను, ఆ పేరులోని నీతివాసన ఒక శతాబ్దము పాటు పోలేదు. కవలపిల్లలపై జరిగిన అధ్యయనములు దీని వ్యత్యాసములో సుమారు 75 శాతము వంశపారంపర్యమని చూపినవి. 2019లో వెలువడిన జన్యు పరిశోధనలో మొదటిసారిగా 12 జన్యుస్థానములు దీనితో ముడిపడియున్నట్లు నిర్ధారణ కాగా, 2023 నాటికి ఆ సంఖ్య 27కు చేరినది. జన్యుశాస్త్రమునకు దేశమంతట పేరొందిన పరిశోధనాసంస్థ సీసీఎంబీ ఉప్పల్ రోడ్డులో, హబ్సిగూడలో నున్నది. దాని గోడకు అవతలి ఇండ్లలోనే "మీ పెంపకంలోనే ఏదో లోపం ఉందమ్మా" అను మాట ఇప్పటికిని వినిపించుచున్నది.

వంశపారంపర్యమన్న మాటకు మఱియొక ఫలితార్థము కలదు. దానిని వైద్యశాలలు గూడ తఱచుగా మఱచిపోవును. బిడ్డకు ఈ స్థితి యున్నచో, తల్లికో తండ్రికో అదే స్థితి కొంతవఱకు ఉండుట అరుదు కాదు. గోడకు పట్టిక అతికించి, దినమునకు మూడుసార్లు గుర్తుపెట్టి, వారాంతమున నక్షత్రములు లెక్కించి బహుమతి ఈయుడని నిపుణులు తల్లికి చెప్పుదురు. కాని ఆ తల్లియే తాళములెక్కడ పెట్టినదో మఱచి, పొయ్యిమీది పాలు పొంగించి, కరెంటు బిల్లు గడువు దాటించి, చిన్ననాటినుండి "మతిమరుపు మనిషి" అనిపించుకొన్నదైనచో, ఆ పట్టిక మూడవ దినమున ఆగిపోవును. ఆగిపోయినదన్న అపరాధభావము పైగా చేరును. కనుక కుటుంబమునకు ఆసరా యనునది చికిత్సకు తోకగా తగిలించు దయ కాదు. చికిత్స యింటిలో నిలిచి యుండుటకే అది కావలెను.

మందులను గూర్చి భయము విస్తారముగా నున్నది గనుక కొంత చెప్పవలెను. 1937లో చార్లెస్ బ్రాడ్లీ అను అమెరికా వైద్యుడు తన ఆస్పత్రిలోని పిల్లలకు బెంజెడ్రీను ఇచ్చి చూడగా, ఉత్తేజకమైన ఆ మందు వారిని చదువున కుదురుపఱచుట ఆశ్చర్యముగ కనుగొనెను. 1944లో స్విట్జర్లాండులో తయారైన మిథైల్‌ఫెనిడేటు నేటికిని ప్రధానౌషధము. అది డోపమీనును నాడీకణములు తిరిగి పీల్చుకొనుటను మందగింపజేసి, సంకేతము మఱికొంతసేపు నిలుచునట్లు చేయును. మన దేశములో ఇది ఔషధ నియమావళి షెడ్యూల్ ఎక్స్‌లో చేరినది. అమ్ముటకు దుకాణమునకు ప్రత్యేక లైసెన్సు కావలెను; చీటీ రెండు ప్రతులుగా ఉండవలెను, అందొకటి దుకాణదారు రెండేండ్లు భద్రపఱచవలెను. దుర్వినియోగము జరుగకుండుటకు ఈ కట్టడి అవసరమే. కాని దానివలన మందు వీధిచివరి దుకాణములో దొరకదు. "ఈ నెల స్టాకు ఏ షాపులో ఉంది?" అను ప్రశ్న ఇట్టి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులలో నెలనెలా తిరుగుచుండును. ఆ ఒక్క జవాబుకొఱకు ఈసీఐఎల్ చౌరస్తానుండి సికింద్రాబాదు వఱకు దుకాణము వెంట దుకాణము తిరుగుట తప్పినను, ఆ గ్రూపు తన ఉనికికి తగిన పని చేసినట్లే.

మందు ఒక్కటియే చాలునా? 579 మంది పిల్లలను 14 నెలలు పరిశీలించి, 1999లో అమెరికాలో వెలువడిన ఎంటీఏ అధ్యయనము ఈ ప్రశ్నకు వెదకిన సమాధానము ఇప్పటికిని ఆలోచింపదగినది. ధ్యానలోపము, చాంచల్యము అను మూల లక్షణములను తగ్గించుటలో, శ్రద్ధగా కొలిచి యిచ్చిన మందు ప్రవర్తన శిక్షణకంటె మిన్నయైనది. రెంటిని కలిపి యిచ్చినచోట తక్కువ మోతాదు సరిపోయినది. తల్లిదండ్రులతోడి సంబంధము, స్నేహములు మొదలైన విషయములలో కొంత అదనపు లాభమును కలిగినది. అయితే ఆ ప్రత్యేక చికిత్స ముగిసి, అధ్యయనము మొదలై మూడేండ్లు నిండునప్పటికి ఆ వర్గములనడుమ భేదము మాసిపోయినది. దీనిని చికిత్స వ్యర్థమని చదువుట తొందరపాటు. ఆపిన సాయము ఆపిన తరువాత గూడ పనిచేయునని ఆశింపరాదని నేను చదువుదును. ఆఱేండ్లలోపు పిల్లలకు మందుకంటె ముందు తల్లిదండ్రుల శిక్షణయే మొదటి చికిత్సయని అమెరికా శిశువైద్య అకాడమీ చెప్పుచున్నది గనుక, చిన్నపిల్లల విషయమున ఇంటి సాయము మఱింత ముఖ్యము.

రసెల్ బార్క్లీ అను మనస్తత్వవేత్త ఎన్నియో ఏండ్లుగా ఒక విషయమును నొక్కి చెప్పుచున్నాడు. ఈ స్థితి తెలియకపోవుటవలని లోపము కాదు, తెలిసినదానిని సమయమునకు చేయలేకపోవుట. కనుక సాయము, పని జరుగు చోటనే, జరుగు క్షణముననే ఉండవలెనని ఆయన వాదము. వారమునకు ఒకసారి థెరపీ సెంటరులోని చల్లని గదిలో నేర్పిన నియమము, మఱునాటి ఉదయము ఏడుగంటలకు బూటొకటి కనబడక వ్యాను హారను మ్రోగుచున్నప్పుడు వానికి అందుబాటులో ఉండదు. అప్పుడు కావలసినది ముందురాత్రియే తలుపు వెనుక వరుసగా పెట్టిన బ్యాగు, బూట్లు, సాక్సులు, నీళ్ల సీసా, గుర్తింపు కార్డు. వానిపైన పిల్లవాడే గీసికొన్న అయిదు బొమ్మల అట్ట. సాయంకాలము హోమ్‌వర్కు వేళ గూడ అంతే. గంటసేపు కదలక కూర్చుండుమనక, వంటింటి టైమరును 15 నిమిషములకు తిప్పి, అది మ్రోగగనే లేచి నీళ్లు త్రాగి రానిచ్చి, మరల 15 నిమిషములకు తిప్పినచో, రాత్రి పదింటికిని తెమలని పని భోజనమునకు ముందే తెమలును. ఇందు పాండిత్యమేమియు లేదు. దినదినము విసుగక చేయవలెను. దినదినము విసుగక చేయుట ఒక్క మనిషికి శక్యము కానిది గనుకనే ఇరుగుపొరుగు కావలెను.

సైనిక్‌పురి ఈ పనికి మిక్కిలి తగిన చోటని నా నమ్మకము. పదవీ విరమణ చేసిన సైనికులకొఱకు వెలసిన కాలనీ యిది; ఇరుగున వాయుపురి, ఊరిలోనే రక్షణ యాజమాన్య కళాశాల. సైన్యములో నలువదేండ్లు గడిపినవారికి ఒక రహస్యము తెలియును: మనిషి నిగ్రహమును నమ్ముకొని ఏ దళమును నడువదు. కిట్టు ఏ వరుసలో పెట్టవలెనో, బూటు ఎక్కడ ఉండవలెనో, ఏ గంటకు ఏమి జరుగునో వ్యవస్థయే చెప్పును. అలసిన మనస్సు ఆలోచింపనక్కఱలేదు. క్రమశిక్షణ పేరిట గద్దించుట ఈ పిల్లలకు హానిచేయును. కాని గద్దింపులేని కిట్టు వరుస వారికి ప్రాణాధారము. ప్రక్కింటి కర్నల్ తాత సాయంత్రము ఆఱింటికి తన వరండాలో వార్తాపత్రిక చదువుచు కూర్చుండి, ఎదుట బల్లపై పిల్లవానిని లెక్కలు చేసికొననిచ్చినచో, ఆయన పాఠమేమియు చెప్పనక్కఱలేదు. ప్రక్కన నొక మనిషి తన పని తాను చేసికొనుచుండుటయే చాలును. ఆ తల్లికి దొరకు ఆ ముప్పావుగంట విశ్రాంతి వేఱొక లాభము. ఇట్టి తాతలలో పలువురకు, అమెరికానుండి సెలవులకు వచ్చు మనుమడు తన రోగనిర్ణయమును మందుసీసాతో సహా తెచ్చుచున్నాడు గనుక, "ఇంత చిన్నోడికి మందులేంది" అను మొదటి ఆశ్చర్యము వారి యింటనే తీరియుండును.

చెట్ల నీడలోని సందులును, కాలనీ పార్కులును గూడ ఉపయోగమునకు వచ్చును. 2009లో టేలర్, కువో అను పరిశోధకురాండ్రు 17 మంది ఏడీహెచ్‌డీ పిల్లలను 20 నిమిషములు నడిపింపగా, పార్కులో నడచిన తరువాత వారి ధ్యానము పట్టణవీధిలో నడచిన తరువాతికంటె మెఱుగుగా నుండెను. పరీక్షింపబడినవారు కొలదిమందియే, దానిని మందుగా చెప్పుట సాహసము. అయినను హోమ్‌వర్కుకు ముందు అరగంట ఆటను శిక్షగా కోసివేయు అలవాటును మానుటకు ఈపాటి ఆధారము చాలును.

తల్లిదండ్రులు గుమికూడిన మాత్రమున ఏమగునని సందేహించువారికి మన సికింద్రాబాదు చరిత్రయే సమాధానము. 1977లో వికలాంగుల పునరావాసమునకై స్వీకార్ సంస్థ ఇక్కడ మొదలైనది. 1984లో బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వెలసినది. ఇప్పుడు దానిని ఎన్‌ఐఈపీఐడీ అని పిలుచుచున్నారు. ఆ సంస్థ ప్రోత్సాహముతో ఊరూర చెదరియున్న తల్లిదండ్రుల సంఘములు ఒకరినొకరు ఎఱిగినవి. 1995లో పరివార్ అను జాతీయ సమాఖ్యగా ఏర్పడినవి. "మేము పోయిన తరువాత మా బిడ్డకు ఎవరు దిక్కు?" అను వారి ప్రశ్న ఢిల్లీ దాక వినిపించి, 1999లో నేషనల్ ట్రస్టు చట్టము వచ్చుటకు తోడ్పడినది. అమెరికాలోను 1987లో ఫ్లోరిడా రాష్ట్రమున కొందఱు తల్లిదండ్రులును మనస్తత్వ నిపుణులును కూడి మొదలుపెట్టిన చాడ్ అను చిన్న సంఘమే ఏడీహెచ్‌డీ కుటుంబములకు దేశవ్యాప్త సంస్థయైనది. నేడు హైదరాబాదునుండి పనిచేయు నయీ దిశ వంటి సంస్థలు ఎదుగుదల భేదములున్న పిల్లల కుటుంబములకు సమాచారమును అందించుచున్నవి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అను మానసికారోగ్య సహాయ ఫోను 14416కు ఎవరైనను తెలుగులో మాట్లాడవచ్చును. ఇవన్నియు ఉన్నను, ఏడింటికి బూటు వెదకు వేళకు ప్రక్కసందులోని మనిషియే అక్కఱకు వచ్చును.

పెద్దలను విడిచి ఈ విషయము ముగియదు. బాల్యములో ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో పలువురకు లక్షణములు పెద్దయైన తరువాతను కొనసాగును. వయోజనులలో సుమారు 2.5 శాతము మందికి ఇది కలదని అంచనా. నాచారం పారిశ్రామిక వాడలో షిఫ్టు మాటిమాటికి తప్పి ఉద్యోగము పోగొట్టుకొన్నవాడు, డిగ్రీలో ఒక్క పేపరు మిగిలిపోయి ఆఱేండ్లుగా దానిని కట్టనివాడు, తమను తాము సోమరులని నమ్మి జీవించుచుందురు. వీరిలో కొందఱికి తమ స్థితి పేరు తెలియునది బిడ్డకు పరీక్ష చేయించునాడే. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో పోటీ పరీక్షల అభ్యర్థులు ఇంటిలో చదువలేక బారులుగా వచ్చి కూర్చుండుట అందఱును చూచినదే. పదిమంది చదువుచున్న చోట మనస్సు నిలుచును. ఈ పెద్దలకు గూడ కాలనీ సంఘపు హాలులో ఆదివారము రెండు గంటలు అట్టి బల్ల యొకటి వేసి, బిల్లులు, దరఖాస్తులు, ఆదాయపు పన్ను కాగితములు, ఎవరికి మిగిలినది వారు తెచ్చుకొని కూర్చుండునట్లు చేయవచ్చును. ఖర్చు టీకి మించదు.

మిగిలినది చట్టము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొన్నది; ఆటిజము, నిర్దిష్ట అభ్యసన వైకల్యము అందున్నవి, ఏడీహెచ్‌డీ ప్రత్యేకముగా లేదు. నేషనల్ ట్రస్టు చట్టములోను లేదు. అందువలన పరీక్షలో అదనపు సమయము కావలెనన్న బిడ్డ చేతిలో చూపుటకు కాగితము లేక, ప్రధానోపాధ్యాయుని దయమీద ఆధారపడుచున్నాడు. ఈ జాబితాను మార్పించుట ఏ ఒక్క కుటుంబమునకును సాధ్యము కాదు. పరివార్ నడచిన త్రోవనే ఈ తల్లిదండ్రులును నడువవలసియున్నది. అది జరుగు లోపల చేయదగిన పని యొకటి కలదు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలలో పలువురకు చదువుటలోనో వ్రాయుటలోనో లెక్కలలోనో అభ్యసన వైకల్యము గూడ తోడై యుండును. చాంచల్యము దానిని కప్పివేయుటచే ఎవరును వెదకరు. ఎనిమిదేండ్లు నిండిన బిడ్డకు ఆ పరీక్షను విడిగా అడిగి చేయించినచో, ఉన్నదని తేలినవారికి చట్టబద్ధమైన ధ్రువపత్రము లభింపగలదు. పదవ తరగతి హాల్ టికెట్లు వచ్చిన తరువాత పరుగెత్తక, ఆఱు, ఏడు తరగతులలోనే ఆ పని ముగించుకొనుట మంచిది.